శాంతి, సంఘర్షణ, రాజకీయ సంస్కృతి: ఒడిశా సరిహద్దు తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జైపూర్ వైపు నుంచి డిగ్రీ, పీజీ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు శాంతి అధ్యయనాల (పీస్ స్టడీస్) గురించి ఏటా దాదాపు ఇవే సందేహాలతో వస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు. ఉదాహరణలు వీలైనంతవరకు మన జిల్లాల నుంచే తీసుకున్నాను. ఐర్లండ్ గొడవ గురించి పది పేజీలు రాయగలిగిన విద్యార్థి, ఒడిశా, ఆంధ్రా రెండూ మావేననే కొఠియా ఊళ్ల గురించి పది లైన్లు రాయలేకపోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

## చేరే ముందు

శాంతి గురించి చదవడం ఏంటండీ, ఇది కూడా ఒక సబ్జెక్టేనా?

సబ్జెక్టే. యుద్ధాలు, అల్లర్లు, తిరుగుబాట్లు ఎందుకు మొదలవుతాయి, ఎలా ఆగుతాయి, ఆగినవి మళ్లీ ఎందుకు రాజుకుంటాయి అన్నది ఆధారాలతో పరిశీలించే చదువు ఇది. అమెరికాలో క్విన్సీ రైట్ 1942లో యుద్ధం మీద పెద్ద అధ్యయనం ప్రచురించారు. 1957లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో సంఘర్షణల పరిష్కారంపై ఒక పరిశోధన పత్రిక మొదలైంది. 1959లో నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్ ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థను ప్రారంభించారు. ఇందులో రాజనీతి శాస్త్రం, సమాజ శాస్త్రం, చరిత్ర, ఆర్థికం, మనస్తత్వ శాస్త్రం అన్నీ కలుస్తాయి. అందరూ మంచిగా ఉండాలని చెప్పే నీతిపాఠం మాత్రం కాదు. పరీక్షలో అలా రాస్తే మార్కులు రావు.

ఊళ్లో గొడవ లేకపోతే శాంతి ఉన్నట్టే కదా?

సగమే నిజం. కొట్లాట, కాల్పులు లేని స్థితిని గాల్టుంగ్ ప్రతికూల శాంతి అన్నారు. అన్యాయం కూడా తగ్గి, మనుషులు ఒకరితో ఒకరు సమానంగా మెలగగలిగే స్థితిని సానుకూల శాంతి అన్నారు. మొదటిది ఉండి రెండోది లేని ఊళ్లు మనకు చాలానే తెలుసు. అప్పు కింద పొలం పోగొట్టుకున్న గిరిజన కుటుంబం అదే పొలంలో కూలికి వెళ్తూ ఉంటుంది. ఎవరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లరు, పేపర్లో ఏమీ రాదు. ఆ ఊరు ప్రశాంతంగా ఉందనే అందరూ అంటారు.

ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి చేతులు మారకుండా 1956లోనే రెగ్యులేషన్ వచ్చింది. 2002 సవరణతో గిరిజనేతరులకు అమ్మడం పూర్తిగా నిషేధించారు. వ్యాపారం కోసమో వ్యవసాయం కోసమో ఈ జిల్లాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావరకు గిరిజనేతర కుటుంబాలే. అందుకే మన పిల్లలు ఈ చట్టాన్ని మొదటి సెమిస్టర్‌లోనే చదవాలని నా పట్టుదల. ఎదుటివాళ్ల గొడవలు చదివే ముందు మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో తెలియాలి.

పొలిటికల్ కల్చర్ అంటే పార్టీలు, ఎన్నికల సంగతేనా?

పార్టీలు అందులో చిన్న భాగమే. ప్రభుత్వం గురించి జనం ఏమనుకుంటారు, అధికారి ముందు ఎలా నిలబడతారు, తమ మాటకు విలువ ఉందని నమ్ముతారా లేదా, ఎదుటి పార్టీ వాళ్లింటికి పెళ్లి సంబంధం ఇస్తారా అన్నవన్నీ రాజకీయ సంస్కృతే. గాబ్రియేల్ ఆల్మండ్, సిడ్నీ వెర్బా అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికోలలో సర్వే చేసి 1963లో దీని మీద పుస్తకం తెచ్చారు. రాజకీయ సంస్కృతిని వాళ్లు మూడు రకాలుగా చూశారు: ప్రభుత్వంతో సంబంధమే లేనట్టు బతికే స్థానిక సంస్కృతి, ఆజ్ఞలు పాటించే ప్రజల సంస్కృతి, నిర్ణయాల్లో చేయి పెట్టే భాగస్వామ్య సంస్కృతి. ఏ సమాజంలోనైనా ఈ మూడూ వేర్వేరు పాళ్లలో కలిసి ఉంటాయని కూడా చెప్పారు.

ఆ అంచనాలో అమెరికా, బ్రిటన్‌లే ఆదర్శంగా కనిపిస్తాయని విమర్శ ఉంది. నాకూ అది సబబే అనిపిస్తుంది. దీన్ని నియమగిరి కొండల దగ్గర పెట్టి చూడండి. అక్కడి డొంగ్రియా కొంధు గిరిజనులను బయటి ప్రపంచం చాలాకాలం రాజకీయం తెలియని అడవి మనుషులుగా చూసింది. వేదాంత కంపెనీ బాక్సైట్ గని విషయం గ్రామసభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల సమక్షంలో జనం లేచి తమ కొండ గురించి, నీళ్ల గురించి, తమ దేవుడు నియమరాజు గురించి మాట్లాడారు. సెర్కపాడితో మొదలుపెట్టి పన్నెండు సభలూ గనిని తిరస్కరించాయి.

మూడు రకాల లెక్కలో వీళ్లను ఎక్కడ పెడతారు? దేవుడి పేరు, కొండ పేరు చెప్పి మాట్లాడారు కాబట్టి స్థానికమా? అటవీ హక్కుల చట్టాన్ని వాడుకొని ఒక పెద్ద కంపెనీని ఆపారు కాబట్టి భాగస్వామ్యమా? రెండూ ఒకే మనిషిలో, ఒకే వాక్యంలో ఉన్నాయి. సిద్ధాంతానికి లొంగని చోటే మీకు థీసిస్ టాపిక్ దొరుకుతుంది.

ఒడియా మీడియంలో చదివాను, తెలుగు మాట్లాడటమే వచ్చు. ఇబ్బంది అవుతుందా?

అవదు. మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకాలతో కొంచెం టెన్షన్ ఉంటుంది, అది అందరికీ ఉండేదే. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో దేశియా మాట్లాడే మీకు ఫీల్డ్‌వర్క్‌లో ఉన్న సౌలభ్యం ఢిల్లీ నుంచి వచ్చే పరిశోధకుడికి ఉండదు. గిరిజన భాషలైన కువి గానీ సవర గానీ కొంత నేర్చుకుంటే ఇంకా మంచిది.

## సిద్ధాంతాల దగ్గర వచ్చే సందేహాలు

ఎవరూ ఎవర్నీ కొట్టకపోతే అది హింస ఎలా అవుతుంది?

గాల్టుంగ్ 1969లో రాసిన వ్యాసంలో దీనికి క్షయ వ్యాధిని ఉదాహరణగా చెప్పారు. పద్దెనిమిదో శతాబ్దంలో క్షయతో మనిషి చనిపోతే హింస అనలేం, అప్పుడు మందే లేదు. ప్రపంచంలో మందు ఉండి కూడా ఈ రోజు అదే జబ్బుతో చనిపోతే, ఆ మందు అతనికి అందకుండా చేసిన ఏర్పాటులో హింస ఉంది. దీన్నే వ్యవస్థాగత హింస అంటారు.

మన దగ్గర మల్కన్‌గిరి చాలు. సీలేరు నది మీద బలిమెల జలాశయం కట్టాక అవతలి 151 ఊళ్లకు దారి తెగింది. దశాబ్దాల పాటు లాంచీ, నాటు పడవే దిక్కు. నెలలు నిండిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలంటే నీటి మీద ప్రయాణమే. గురుప్రియ వంతెన 2018 జూలైలో ప్రారంభమైంది. 'కటాఫ్ ఏరియా' అని పిలిచిన ఆ ప్రాంతాన్ని ఇప్పుడు స్వాభిమాన్ అంచల్ అంటున్నారు. అన్నేళ్లూ అక్కడ వైద్యం అందక పోయిన ప్రాణాలను ఏ కాల్పుల లెక్కలోనూ ఎవరూ రాయలేదు.

అన్నిటినీ హింస అనేస్తే ఆ మాటకు బరువే ఉండదని కెన్నెత్ బౌల్డింగ్ లాంటివాళ్లు గాల్టుంగ్‌తో వాదించారు. ఆ వాదన తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. అందుకే ఈ భావనను వాడే విద్యార్థులకు ఒక షరతు పెడతాను: ఏ నిర్ణయం వల్ల, ఎవరికి, ఏది అందకుండా పోయిందో చూపించండి. చూపించలేకపోతే పేదరికం అనే రాయండి.

ఎంతమంది చనిపోతే దాన్ని 'సాయుధ సంఘర్షణ' అంటారు?

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం సంఘర్షణల లెక్కల్లో ఒక ఏడాదిలో పోరు కారణంగా కనీసం 25 మంది చనిపోతే సాయుధ సంఘర్షణ, 1,000 మంది చనిపోతే యుద్ధం. పోల్చి చూడటానికి ఇలాంటి గీత ఒకటి అవసరం. కానీ 25కు లోపల ఉన్నది చిన్న విషయం అనుకోవద్దు. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోని మైకంచ్‌లో 2000 డిసెంబర్ 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. ఆ లెక్కకు ముగ్గురు ఒక అంకె కూడా కాదు. కాశీపూర్‌లో మాత్రం ప్రభుత్వం అంటే ఏమిటన్న అభిప్రాయమే ఆ రోజుతో మారిపోయింది.

ఒక పట్నంలో అల్లర్లు జరుగుతాయి, అలాంటిదే ఇంకో పట్నంలో జరగవు. ఎందుకు?

ఇది ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. అశుతోష్ వర్ష్నేయ్ 1950 నుంచి 1995 వరకు మన దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను లెక్కతీశారు. మరణాల్లో దాదాపు సగం ఎనిమిది నగరాల్లోనే జరిగినట్టు తేలింది. తర్వాత అలీగఢ్‌ను కాలికట్‌తో, హైదరాబాద్‌ను లక్నోతో, అహ్మదాబాద్‌ను సూరత్‌తో పక్కపక్కన పెట్టి పరిశీలించారు. వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీలలో రెండు మతాల వాళ్లూ కలిసి పనిచేసే చోట పుకారు వచ్చినా నిలబడదని, పొద్దున్నే పలకరించుకునే ఇరుగుపొరుగు స్నేహం ఒక్కటే పెద్ద పట్నాల్లో సరిపోదని ఆయన తేల్చారు.

అందరూ ఒప్పుకోలేదు. అల్లర్లు జరిపించే మనుషులు, ఏర్పాట్లు ముందే తయారుగా ఉంటాయని పాల్ బ్రాస్ అన్నారు. ఎన్నికల లెక్కల్లో మైనారిటీ ఓటు అవసరమైన ప్రభుత్వమే పోలీసులను గట్టిగా దింపుతుందని స్టీవెన్ విల్కిన్సన్ చూపించారు. నా మటుకు నేను ఈ ముగ్గురినీ కలిపి చదవమంటాను. మన పట్నాల్లో వర్తక సంఘం సభ్యుల జాబితా తీసుకొని అందులో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, మార్వాడీలు, గిరిజనులు ఎవరెవరు ఉన్నారో చూడండి. గిరిజనులు ఒక్కరూ కనిపించకపోతే, అదే మీ మొదటి పరిశీలన.

అహింస అంటే దెబ్బలు తిని ఊరుకోవడమేగా?

కాదు. జీన్ షార్ప్ 1973లో అహింసాయుత పోరాట పద్ధతులను 198 దాకా జాబితా వేశారు. పన్ను కట్టకపోవడం, సహాయ నిరాకరణ, బహిష్కరణ, సమ్మె అన్నీ ఒత్తిడి తెచ్చే పనులే. ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను పోలిస్తే, అహింసాయుతమైనవి 53 శాతం, సాయుధమైనవి 26 శాతం గెలిచాయి. ఎక్కువమంది జనం చేరగలగడమే అందుకు ముఖ్య కారణమని వాళ్ల వివరణ.

అన్నీ విదేశీ పేర్లే. శాంతి కోసం ఆలోచించినవాళ్లు తెలుగువాళ్లలో లేరా?

ఉన్నారు, వాళ్ల అనుభవం ప్రపంచానికి చెప్పుకోదగినది. నక్సలైట్లు, పోలీసుల మధ్య నలిగిపోతున్న పల్లెల తరఫున 1997లో రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆధ్వర్యంలో పౌరస్పందన వేదిక ఏర్పడింది. కె.జి. కన్నబిరాన్, జి. హరగోపాల్, పొత్తూరి వెంకటేశ్వరరావు అందులో ఉన్నారు. వాళ్లు ప్రభుత్వాన్నీ, సాయుధ పార్టీలనూ ఒకే గొంతుతో ప్రశ్నించారు. ఏళ్ల తరబడి పట్టువిడవకుండా తిరిగిన ఫలితంగా 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ముఖాముఖి చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అవి తెగిపోయాయి.

ఘర్షణను మార్చడానికి పైస్థాయి నాయకుల కంటే, పైవాళ్లతోనూ కిందివాళ్లతోనూ మాట్లాడగల మధ్యస్థాయి మనుషులు ముఖ్యమని జాన్ పాల్ లెడరాక్ 1997లో రాశారు. అదే ఏడాది ఇక్కడ కొందరు ఆ పనే మొదలుపెట్టారు. చర్చలు విఫలమయ్యాయి కాబట్టి ఆ ప్రయత్నం వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆయుధం పట్టినవాళ్లూ ప్రభుత్వమూ ఒక బల్లకు అటూ ఇటూ కూర్చోవడం సాధ్యమేనని చూపించారు.

## మన సరిహద్దు గురించి

ఇంతకీ కొఠియా ఎవరిది?

కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ మధ్యనున్న కొండ ఊళ్లు ఇవి. 21 ఊళ్ల మీద వివాదం. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు ఆ దావాను సాంకేతిక కారణంతో కొట్టేసి, ఉన్న స్థితినే కొనసాగించమంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరపడంతో ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. ఆ నవంబర్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, అధికారుల కమిటీ వేయాలని అనుకున్నారు.

ఎవరిదన్న ప్రశ్న కోర్టుకు, పార్లమెంటుకు సంబంధించింది. పరిశోధకుడు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రెండు ప్రభుత్వాలూ ఎప్పుడు గుర్తొచ్చి రోడ్లు వేశాయి, ఎప్పుడు మరిచిపోయాయి? ఏ బడిలో ఏ భాష చెప్పారు, అక్కడి పిల్లల ఇంటి భాష ఏది? తెలుగువాడివి కాబట్టి ఊళ్లు ఆంధ్రావని నిరూపించాలన్న ఆరాటం వస్తుంది. అది మొదటి అధ్యాయంలోనే మీ పనిని పాడుచేస్తుంది.

అక్కడివాళ్లు రెండు ఓటరు కార్డులు పెట్టుకుంటారట. అది మోసం కాదా?

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే, ఒకసారే ఉండాలి. అందులో అనుమానం లేదు. కానీ పరిశోధనలో తీర్పు చెప్పే ముందు కారణం వెతకాలి. ఒకే ఇంటి గడపను రెండు రాష్ట్రాలు మాదంటే మాదంటున్నప్పుడు, ఏ కార్డు వదులుకుంటే ఆ ప్రభుత్వ బియ్యం, పింఛను, బడి పోతాయేమోనన్న భయం ఉంటుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా జివతీ తాలూకా, తెలంగాణలోని కెరమెరి మండలం మధ్య నలిగే 14 ఊళ్లలోనూ ఇదే పరిస్థితి, ఇదే జాగ్రత్త. పార్థా చటర్జీ 'రాజకీయ సమాజం' అన్నది ఇలాంటి బతుకు గురించే: చట్టం అంచున ఉన్న జనం ఓటును, సంఖ్యను చూపించి ప్రభుత్వంతో బేరమాడి బతుకు నెట్టుకొస్తారు. ఇంటర్వ్యూలో 'మీరెందుకు మోసం చేస్తున్నారు' అన్న ధోరణి కనిపిస్తే ఆ ఊళ్లో మీతో ఎవరూ మాట్లాడరు.

వంశధార నీళ్ల గొడవ కూడా పీస్ స్టడీస్‌లోకి వస్తుందా?

తప్పకుండా వస్తుంది. గాల్టుంగ్ సంఘర్షణను మూడు కోణాల్లో చూడమన్నారు: అసలు వైరుధ్యం, మనసుల్లోని వైఖరి, బయటికి కనిపించే ప్రవర్తన. వంశధారలో వైరుధ్యం నీళ్లు, ఆ నది మీద ఆంధ్రప్రదేశ్ కట్టాలనుకున్న నేరడి బ్యారేజీకి కావలసిన భూమి. రెండు రాష్ట్రాలూ నీటిని సగం సగం పంచుకోవాలని 1962లోనే ఒప్పుకున్నాయి. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది, నేరడికి అనుమతి దొరికింది, ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇంత జరుగుతున్నా గుణుపురంలో, హిరమండలంలో మామూలు జనం ఒకరి మీదికి ఒకరు కర్ర ఎత్తలేదు. ప్రభుత్వాలు కోర్టుల్లో తలపడుతుంటే సంతలు, సంబంధాలు ఎలా సాగుతున్నాయన్నది ఎవరైనా శ్రద్ధగా రాయాలి.

రెండు రాష్ట్రాలు కూర్చొని మాట్లాడుకోవడానికి వేదికే లేదా?

1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం జోనల్ కౌన్సిళ్లను పెట్టింది. కానీ ఒడిశా తూర్పు కౌన్సిల్‌లో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దక్షిణ కౌన్సిల్‌లో, మహారాష్ట్ర పశ్చిమ కౌన్సిల్‌లో ఉన్నాయి. మన సరిహద్దుల్లో గొడవపడే రాష్ట్రాలు ఒకే బల్ల దగ్గర మామూలుగా కలవవు. 263వ అధికరణం కింద 1990లో ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి ఒకటుంది గానీ దాని సమావేశాలు అరుదు. కలెక్టర్లు ఫోన్లో మాట్లాడుకోవడంతోనే చాలా పనులు నడుస్తున్నాయి.

1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపి మనకు అన్యాయం చేశారని రాయొచ్చా?

ఆ భావన ఇప్పటికీ ఉందని, ఏ కుటుంబాల్లో ఏ కథల రూపంలో మిగిలిందో రాయొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. విభజనను వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి ఊరు వదిలి రాజమండ్రి వెళ్లారు. అదే మనిషి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి సవరల భాష నేర్చుకొని, వాళ్ల భాషలో పాఠాలు రాసి, బడులు పెట్టించారు. తెలుగు, ఒడియా పెద్దలు పట్టణం ఎవరిదని వాదించుకుంటున్న కాలంలో కొండ మీది జనాన్ని ఎవరూ అడగలేదు. మీరు రాసేటప్పుడు మూడో పక్షంగా సవరలను కూడా ఉంచండి. లేకపోతే చరిత్ర మళ్లీ ఇద్దరిదే అవుతుంది.

## ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లేటప్పుడు

మల్కన్‌గిరి వైపు వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో పడవ మీద దాడిలో గ్రేహౌండ్స్ పోలీసులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. 2011 ఫిబ్రవరిలో కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకెళ్తే, విశ్వవిద్యాలయ ఆచార్యులైన హరగోపాల్, సోమేశ్వరరావు మధ్యవర్తులుగా వెళ్లి మాట్లాడారు. ఆ పరిస్థితి తర్వాత చాలా మారింది. అయినా గైడ్ సంతకంతో కాలేజీ లేఖ, సర్పంచ్‌కు ముందుగా కబురు, ఎక్కడ పడుకుంటారో ఇంట్లో చెప్పడం, చీకటి పడకముందే తిరిగి రావడం తప్పనిసరి. సాయుధ దళాల కదలికల గురించి ఎవరినీ అడగొద్దు, ఎవరైనా చెప్పబోయినా ఆపండి. అది మీ పరిశోధనకు అక్కర్లేదు, చెప్పినవాళ్లకు ప్రమాదం.

'నువ్వు ఎవరి వైపు?' అని అడిగితే?

అబద్ధం చెప్పొద్దు. 'ఫలానా కాలేజీలో చదువుతున్నాను బాబాయ్, రెండు వైపుల వాళ్ల మాటా వినడానికి వచ్చాను' అంటే చాలు. వినడం అంటే ఒప్పుకోవడం కాదని మనసులో గట్టిగా ఉండాలి. ఒక పక్షంవాళ్లతో అన్నం తిని రెండో పక్షం గడప తొక్కకుండా వచ్చేస్తే మాత్రం మీ సమాధానం అబద్ధమవుతుంది.

పేర్లు, ఫొటోలు వాడొచ్చా?

అనుమతి అడిగినా సరే, వద్దు. చదువురాని మనిషి మీ మీద మొహమాటంతో సరే అంటారు. ఆ కాగితం రేపు ఏ ఆఫీసులో తేలుతుందో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు. చిన్న ఊరైతే పేరు మార్చినా సరిపోదు. 'ఊళ్లో ఒక్కగానొక్క టైలర్' అని రాస్తే అందరికీ అర్థమైపోతుంది, కాబట్టి వృత్తి కూడా మార్చండి. రెండు కార్డుల విషయం, భూమి తగాదా, పోలీసు కేసు ఉన్న మనుషుల రికార్డింగులు ఫోన్లో ఉంచుకోవద్దు.

## చదువు అయ్యాక

ఎక్కడ చేరాలి, ఉద్యోగాలు వస్తాయా?

ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాలో నెల్సన్ మండేలా పేరుతో శాంతి, సంఘర్షణ పరిష్కార కేంద్రం ఉంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మాలవీయ శాంతి పరిశోధన కేంద్రం ఉంది. ఇల్లు వదల్లేనివాళ్లకు ఇగ్నోలో గాంధీ, శాంతి అధ్యయనాల ఎంఏ దూరవిద్యలో దొరుకుతుంది. బరంపురం విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం గానీ, కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సమాజ శాస్త్రం, మానవ శాస్త్రం గానీ చదువుతూ ఈ అంశం మీద డిసర్టేషన్ చేయడం కూడా మంచి దారే. డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్లకు నేను మొదట ఇదే చెబుతాను.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. శాంతి అధ్యయనాలు చదివినవాళ్లే కావాలనే ప్రకటనలు తక్కువ. అధ్యాపకులుగా, జర్నలిస్టులుగా, గిరిజన హక్కులు, పునరావాసం మీద పనిచేసే సంస్థల్లో, న్యాయ సహాయ కేంద్రాల్లో అవకాశాలు ఉంటాయి. సివిల్స్, ఓపీఎస్సీ (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) పరీక్షలు రాసేవాళ్లకు పాలనా శాస్త్రం, సమాజ శాస్త్రం పేపర్లలో ఉపయోగపడుతుంది. ఇంట్లో వెంటనే జీతం అవసరమైతే, ముందు బీఎడ్ చేసి ఉద్యోగంలో చేరాక దూరవిద్యలో ఈ ఎంఏ చదవండి. మన బ్లాకుల్లో టీచరుగా పనిచేస్తూ చదివినవాళ్ల డిసర్టేషన్లు బాగా వచ్చాయి, ఎందుకంటే ఆ ఊళ్లలో వాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు.